రసాయన చికిత్స, హార్మోను చికిత్స: రెంటికిని పొత్తు కుదురునా?

కొన్ని వ్యాధుల పేర్లు భాష మారినను అర్థము మారవు. ప్రాచీన గ్రీకు వైద్యులు క్యాన్సరునకు ఎండ్రకాయ పేరు పెట్టిరి. సంస్కృతమున కర్కటమన్నను, అరబ్బీ, ఫారసీ, ఉర్దూ భాషలలో సర్తాన్ అన్నను ఆ ఎండ్రకాయయే. మన పంచాంగములోని కర్కాటక రాశిని ఉర్దూలో బుర్జె సర్తాన్ అనుట ఇందువలననే. కణితి చుట్టును ఉబ్బిన రక్తనాళములు ఎండ్రకాయ కాళ్లవలె కనబడుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. తెలుగున మన పెద్దలు దీనిని రాచపుండు అనిరి. పదవ శతాబ్దమున కుర్తుబా ప్రాంతమున జీవించిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ, ముదిరి పెద్దదైన స్తన క్యాన్సరును తాను నయము చేయలేకపోతిననియు, నయము చేసిన వేరొకరిని చూడలేదనియు దాపరికము లేక వ్రాసెను.

ఆ మాట వ్రాసి వేయి సంవత్సరములు గడచినవి. దూరపు అవయవములకు ప్రాకిన స్తన క్యాన్సరును సమూలముగా తొలగించుట నేటికిని సాధారణముగా సాధ్యము కాదు. కాని దానిని అదుపులో ఉంచి, రోగికి సంవత్సరముల తరబడి ఆయువును, ఆ ఆయువులో సుఖమును చేకూర్చుట సాధ్యమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2022లో ప్రపంచమున సుమారు 23 లక్షల మంది స్త్రీలకు ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. 6,70,000 మంది దీనివలన మరణించిరి. అదే సంవత్సరము భారతదేశమున క్రొత్తగా తేలినవారు సుమారు 1,92,000 మంది, మరణించినవారు సుమారు 98,000 మంది. మన దేశపు స్త్రీలలో అన్ని క్యాన్సరులకంటె ఎక్కువగా కనిపించునది ఇదియే. పాశ్చాత్య దేశములతో పోల్చినచో మన దేశమున ఇది చిన్న వయసుననే వచ్చుచున్నదని వైద్యులు గమనించిరి.

మేము వైద్యులము కాము, భాషాసాహిత్యములు బోధించువారము. అయినను ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము కలదు. ఇంట ఒక యువతికి ఈ వ్యాధి ముదిరిన స్థితిలో బయటపడినపుడు ఆ కుటుంబమువారు సహజముగా అడుగు ప్రశ్న ఒకటి ఉన్నది: “రసాయన చికిత్స కలదు, హార్మోను చికిత్స కలదు, రెండును కలిపి ఒక్కసారిగా ఇచ్చినచో బలము రెట్టింపు కాదా?” ఈ ప్రశ్నను పామరులే గాక వైద్యశాస్త్రజ్ఞులును అడిగిరి. దానికి సమాధానము వెదకుటలో సుమారు యాభై సంవత్సరములు గడచినవి. ఆ సమాధానమును మన విద్యార్థులకు అందుబాటులోనుండు తెలుగులో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. మూడు తెగలు

స్తన క్యాన్సరు అను పేరు ఒకటే అయినను వ్యాధి ఒకటి కాదు. కణితి నుండి సూదితో చిన్న ముక్కను తీసి పరీక్షించినపుడు వైద్యులు ముఖ్యముగా రెండు విషయములు చూతురు. ఆ కణములలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను స్త్రీ హార్మోనులను పట్టుకొను గ్రాహకములు కలవా? హెర్-2 అను ప్రొటీను ఆ కణములపై అధికముగా ఉన్నదా? హార్మోను గ్రాహకములు గలది ఒక తెగ. హెర్-2 అధికముగా గలది రెండవ తెగ. ఈ రెండును లేనిది మూడవ తెగ. దీనిని ట్రిపుల్ నెగెటివ్ అందురు. మొదటి రెండు లక్షణములును కలిసియున్న కణితులు కూడ ఉండును.

యువతులలో మూడవ తెగ పాలు పెద్దవారిలో కంటె ఎక్కువ. అయినను యువతులలో సైతము హార్మోను గ్రాహకములు గల తెగయే అన్నిటికంటె పెద్దది. హార్మోను చికిత్స పనిచేయునది ఈ తెగపైననే. తాళము లేని తలుపునకు తాళపుచెవి ఎట్లు నిరుపయోగమో, గ్రాహకములు లేని కణితికి హార్మోను చికిత్స అట్లే నిరుపయోగము. కావున ఈ వ్యాసములో మేము చర్చించు ప్రశ్న ముఖ్యముగా హార్మోను గ్రాహకములు ఉండి, హెర్-2 అధికముగా లేని, వ్యాధి ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయమునకో ప్రాకిన, ఇంకను ముట్లుడుగని స్త్రీలకు సంబంధించినది.

2. హార్మోను చికిత్స ఎట్లు పుట్టినది

హార్మోను అను పదము పుట్టకముందే హార్మోను చికిత్స పుట్టినదనిన విద్యార్థులకు ఆశ్చర్యము కలుగవచ్చును. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జార్జి బీట్సన్ అను శస్త్రవైద్యుడు ఉండెను. ఆయన యౌవనమున పాల ఉత్పత్తిని గూర్చి పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసము వ్రాసెను. కొన్ని దేశములలో ఈనిన ఆవులకు అండాశయములు తొలగించి, పాలు ఎక్కువ కాలము ఇచ్చునట్లు చేయుదురని ఆయనకు తెలియవచ్చినది. ఎక్కడో ఉదరములోనున్న అండాశయము పొదుగును శాసించుచున్నదనిన, స్త్రీ స్తనములోని కణితిని కూడ శాసించుచుండవచ్చును గదా అని ఆయన తర్కించెను. 1895లో, వ్యాధి తిరగబెట్టిన 33 ఏండ్ల స్త్రీకి అండాశయములు తొలగించెను. కొన్ని మాసములలో ఆమె కణితులు కరగిపోయినవి. ఈ అనుభవమును 1896లో లాన్సెట్ పత్రికలో ప్రకటించెను.

అయితే అనంతరము ఇతర వైద్యులు ఇదే శస్త్రచికిత్స చేయగా సుమారు మూడింట ఒక వంతు స్త్రీలకే గుణము కనిపించినది. మిగిలిన ఇద్దరికి ఏల కనిపించలేదు? ఈ ప్రశ్నకు సమాధానము అరువది సంవత్సరములకు పైగా దొరకలేదు. 1950 దశకము చివర చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక హైడ్రోజనుతో గుర్తు పెట్టిన ఈస్ట్రోజెనును ప్రయోగించి, అది కొన్ని కణజాలములలో మాత్రమే నిలిచిపోవుటను గమనించెను. ఆ నిలుపుకొను వస్తువే గ్రాహకము. గ్రాహకములు గల కణితులకే హార్మోను చికిత్స గుణమిచ్చునని తరువాత రూఢియైనది.

అదే కాలమున ఇంగ్లండులో ఐ.సి.ఐ. అను సంస్థ గర్భనిరోధమునకై ఒక మందును వెదకుచుండెను. 1962లో డోరా రిచర్డ్‌సన్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు తయారుచేసిన ఆ పదార్థము గర్భనిరోధమునకు పనికిరాలేదు. పైపెచ్చు అండము విడుదలగుటకు తోడ్పడినది. కాని అది ఈస్ట్రోజెను స్థానమును ఆక్రమించి, గ్రాహకమును మూసివేయునని తేలినది. మాంచెస్టరులోని క్రిస్టీ ఆసుపత్రి వైద్యులు 1971లో, ముదిరిన స్తన క్యాన్సరునకు దీనిని వాడిన మొదటి ఫలితములను ప్రకటించిరి. నేటికిని కోట్ల మాత్రలుగా చెల్లుబాటగుచున్న టామోక్సిఫెన్ ఇదియే. వెల తక్కువ, వాడుక సులభము.

మూడవ మార్గము పీయూష గ్రంథి ద్వారా వచ్చినది. అండాశయములకు ఆజ్ఞలు పంపునది మెదడు క్రిందనుండు ఈ గ్రంథి. దానిని నడపించు హార్మోను నిర్మాణమును 1971లో కనుగొనిరి. అందులకై ఆండ్రూ షాలీ, రోజర్ గియ్యమాఁ అను శాస్త్రజ్ఞులకు 1977లో నోబెల్ బహుమానము లభించినది. ఆ హార్మోనును పోలిన గోసెరెలిన్ వంటి మందును 28 రోజులకొకసారి పొట్టచర్మము క్రింద ఎక్కించినచో, మొదట కొలది దినములు ప్రేరేపించినను, పిదప పీయూష గ్రంథి అలసి ఆజ్ఞలు పంపుట మానును, అండాశయములు నిద్రించును. మందు ఆపినచో తిరిగి మేల్కొనవచ్చును. శస్త్రచికిత్సకు, దీనికి గల ముఖ్యభేదము ఇదియే.

3. రసాయన చికిత్స – ఒక తెలుగు బిడ్డ

బీట్సన్ తన మొదటి శస్త్రచికిత్స చేసిన 1895వ సంవత్సరముననే భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డులోను, పిదప లెడర్లే ప్రయోగశాలలోను పనిచేసెను. ఫోలిక్ ఆమ్లమనునది కణములు విభజన చెందుటకు అవసరమైన విటమిను. సుబ్బారావు నాయకత్వమున లెడర్లే శాస్త్రజ్ఞులు దానిని తయారుచేయుటయే గాక, దానికి పోటీగా నిలిచి దాని పనిని అడ్డగించు పదార్థములను కూడ తయారుచేసిరి. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వానిలో ఒకదానిని పిల్లల రక్తపు క్యాన్సరునకు వాడి, 1948లో ఫలితములు ప్రకటించెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ స్తన క్యాన్సరు మీద పనిచేయునని 1951లో జేన్ రైట్ అను నల్లజాతి వైద్యురాలు చూపెను. ఆ నాటికి సుబ్బారావు లేడు, 1948లోనే కన్నుమూసెను.

సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ అను మూడు మందుల కలయికను సి.ఎం.ఎఫ్. అందురు. ఇటలీలోని మిలాను నగరమున జియాన్నీ బొనడొన్నా శస్త్రచికిత్స అనంతరము దీనిని వాడి, 1976లో ప్రకటించిన ఫలితములు ప్రపంచమంతట చికిత్సాపద్ధతినే మార్చినవి. ఆ మూడక్షరములలోని నడిమి అక్షరము మన సుబ్బారావు కృషికి గుర్తు. పిదప డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, కేపిసైటబిన్ మొదలగునవి వచ్చినవి.

రసాయన చికిత్స పనిచేయు తీరు వేరు. అది హార్మోనుల జోలికి పోదు. విభజన చెందుచున్న కణమును పట్టి చంపును. క్యాన్సరు కణములతోపాటు వేగముగా విభజన చెందు వెండ్రుకల కుదుళ్లు, నోటిపొర, పేగులపొర, ఎముకల మూలుగ కూడ దెబ్బతినును. జుట్టు రాలుట, వాంతులు, తెల్లకణములు తగ్గి జ్వరము వచ్చుట ఇందువలననే.

4. కలిపిన ఏమి జరిగినది

1970, 1980 దశకములలో రెండు చికిత్సలను కలుపు ప్రయత్నములు అనేక దేశములలో జరిగినవి. వాని వెనుక తర్కము గట్టిదే. ఒకే కణితిలో గ్రాహకములు గల కణములును, లేని కణములును కలిసియుండును. మొదటివానిని హార్మోను చికిత్సయు, రెండవవానిని రసాయన చికిత్సయు అణచును. రెంటి దుష్ఫలితములు వేరు గనుక రోగి రెంటిని ఒకేసారి ఓర్చుకొనగలదు. ఈ ఆలోచనతో ముట్లుడుగని స్త్రీలకు అండాశయములు తొలగించి వెంటనే రసాయన చికిత్స ఇచ్చిరి. లేదా టామోక్సిఫెనును రసాయన మందులతో జోడించిరి.

ఫలితమేమి? కణితులు చిన్నవగుట ఎక్కువ మందిలో కనిపించినది. కాని ఆయువు తగినంతగా పెరుగలేదు. ఒకదాని తరువాత ఒకటిగా రెండును పొందిన స్త్రీలు, రెంటిని ఒకేసారి పొందిన స్త్రీలు మొత్తము మీద ఇంచుమించు సమాన కాలము జీవించిరి. ఇందుకు కారణములు విచారింపదగినవి.

మొదటిది: పొలములో కలుపును తలచుకొనుడు. కాలువనీరు కట్టివేసినచో కలుపు ఎదుగుట మానును. అది ఒక మార్గము. ఎదుగుచున్న కలుపుపై మందు చల్లినచో ఆకులద్వారా పీల్చి చచ్చును. అది రెండవ మార్గము. కాని నీరు కట్టి, కలుపు వడలి ముడుచుకొనియున్న సమయముననే మందు చల్లినచో అది సరిగా పట్టదు. హార్మోను చికిత్స కణమును విభజనకు ముందటి దశలోనే ఆపివేయును. రసాయన చికిత్సకు విభజన చెందుచున్న కణము కావలెను. ఒకటి పడుకోబెట్టుచుండగా, రెండవది మేల్కొన్నవానినే పట్టుదునని వేచియుండును. రెంటికిని పొత్తు కుదురుట కష్టము.

ఈ ఊహకు బలమిచ్చిన పరిశోధన ఒకటి అమెరికాలో జరిగి 2009లో ప్రకటితమైనది. అది ముదిరిన వ్యాధికి గాక, శస్త్రచికిత్స అయిన పెద్దవయసు స్త్రీలకు సంబంధించినది. వారు సుమారు పదిహేను వందల మంది, గ్రాహకములు గలవారు. పదేండ్ల తరువాత వ్యాధి లేకుండ ఉన్నవారు, టామోక్సిఫెన్ మాత్రమే తీసికొన్నవారిలో నూటికి 48 మంది. రసాయన చికిత్సతో కలిపి తీసికొన్నవారిలో 53 మంది. రసాయన చికిత్స ముగిసిన తరువాత తీసికొన్నవారిలో 60 మంది. చివరి రెంటికి గల వ్యత్యాసము గణితశాస్త్రరీత్యా తిరుగులేనిదని చెప్పదగినంతటిది కాదు. అయినను కలిపి ఇచ్చుటవలన లాభము లేదనుట స్పష్టము. కావుననే నేడు టామోక్సిఫెనును రసాయన చికిత్స ముగిసిన పిదపనే ప్రారంభించుట పరిపాటియైనది.

రెండవది: టామోక్సిఫెన్ సిరలలో రక్తము గడ్డకట్టు గుణమును కొంత పెంచును. రసాయన మందులతో కలిసినపుడు ఈ అపాయము మరింత హెచ్చును.

మూడవది: రెంటిని ఒకేసారి ఇచ్చినచో ఏది పనిచేసినదో, ఏది విఫలమైనదో తెలియదు. వ్యాధి తిరిగి విజృంభించిననాడు వైద్యుని చేతిలో రెండు ఆయుధములును ఒక్కసారే వ్యర్థమగును.

నాల్గవది యువతులకే ప్రత్యేకమైనది, గమనింపదగినది. రసాయన చికిత్స అండాశయములను కూడ దెబ్బతీయును. అనేకులలో ఋతుస్రావము నిలిచిపోవును, ఈస్ట్రోజెన్ తగ్గును. అనగా సి.ఎం.ఎఫ్. పొందిన యువతి తెలియకయే కొంత హార్మోను చికిత్సను కూడ పొందినట్లే. పైకి ఒకటిగా కనిపించిన చికిత్స లోలోన రెండుగా నడచినది. అట్టి యువతికి దానితోపాటు అండాశయములు కూడ తొలగించినచో అదనపు లాభము తక్కువగా కనిపించుటలో వింత లేదు.

5. నేటి క్రమము

అయినచో ముందేది, వెనుకేది? ఇక్కడనే ప్రజలలోను, ఒకప్పుడు వైద్యులలోను బలముగా నాటుకొన్న అభిప్రాయమొకటి కలదు. యువతి గదా, వ్యాధి చురుకుగా ఉండును. మాత్రలతో కాలయాపన చేయరాదు. బలమైన రసాయన చికిత్సయే మొదట ఇయ్యవలెను అని. జుట్టు రాలి, వాంతులు పెట్టు మందే బలమైనదనియు, ఇంట కూర్చుండి మ్రింగు మాత్ర బలహీనమనియు మనము తలచుట సహజము. కాని పరిశోధనలు ఈ అభిప్రాయమును సమర్థించలేదు.

మొదట, హార్మోను చికిత్సలోనే కలయిక లాభించినది. 2000లో ఐరోపా శాస్త్రజ్ఞులు, ముట్లుడుగని 161 మంది స్త్రీలపై జరిపిన పరిశోధనను ప్రకటించిరి. అండాశయములను నిద్రింపజేయు బుసెరెలిన్ మాత్రమే పొందినవారి మధ్యస్థ ఆయువు 2.5 సంవత్సరములు, టామోక్సిఫెన్ మాత్రమే పొందినవారిది 2.9 సంవత్సరములు, రెండును కలిపి పొందినవారిది 3.7 సంవత్సరములు. ఒకటి కాలువను మూయును, రెండవది మడవను మూయును. ఈ పొత్తు కుదిరినది.

పిదప సి.డి.కె. 4, 6 అను ఎంజైములను అడ్డగించు మాత్రలు వచ్చినవి. ఇవి కణవిభజనకు పచ్చజెండా ఊపు ఎంజైములు. పాల్బోసైక్లిబ్ 2015లోను, రైబోసైక్లిబ్, ఎబెమాసైక్లిబ్ 2017లోను అమెరికాలో అనుమతి పొందినవి. ఇవియును కణమును విభజనకు ముందటి దశలోనే ఆపును. హార్మోను చికిత్సయు ఆపునది అచ్చటనే. రెండును ఒకే దిశలో లాగును గనుక వీని పొత్తు కుదిరినది. ముట్లుడుగని, లేదా ఉడుగుచున్న దశలోనున్న 672 మంది స్త్రీలపై జరిగిన మొనలీసా-7 అను పరిశోధనలో అందరికిని గోసెరెలినుతోపాటు హార్మోను మాత్ర ఇచ్చిరి; సగము మందికి అదనముగా రైబోసైక్లిబ్ ఇచ్చిరి. 2019లో ప్రకటించిన ఫలితముల ప్రకారము 42 మాసములకు జీవించియుండువారి అంచనా, రైబోసైక్లిబ్ పొందినవారిలో నూటికి 70 మంది. పొందనివారిలో 46 మంది. యువతులకే పరిమితమైన పరిశోధనలో ఆయువు ఇంతగా పెరుగుట గొప్ప విషయము.

ఇక ముఖాముఖి పోటీ. కొరియాలో ముట్లుడుగని 184 మంది స్త్రీలపై జరిగిన పరిశోధనలో పాల్బోసైక్లిబ్, హార్మోను మాత్ర, అండాశయ నిరోధము ఒకవైపు. కేపిసైటబిన్ అను రసాయన మాత్ర మరియొకవైపు. 2019లో ప్రకటితమైన ఫలితము: వ్యాధి ముదరకుండ గడచిన మధ్యస్థకాలము మొదటి పక్షమున 20.1 మాసములు, రెండవ పక్షమున 14.4 మాసములు. అటుపిమ్మట 222 మంది స్త్రీలతో మరింత కఠినమైన పరీక్ష జరిగినది. వీరు వ్యాధి తీవ్రముగా, వేగముగా వ్యాపించినవారు. రసాయన చికిత్స తప్పదని సామాన్యముగా తలంపబడువారు. 2022 డిసెంబరులో వెలువడిన మొదటి ఫలితములలో, రైబోసైక్లిబ్‌తో కూడిన హార్మోను చికిత్స వ్యాధిని సుమారు 24 మాసములును, రెండు రసాయన మందుల కలయిక సుమారు 12 మాసములును నిలువరించినవి. బలహీనమనుకొన్న మాత్రయే రెట్టింపు కాలము నిలిచినది.

కావున నేటి క్రమమును సంగ్రహముగా ఇట్లు చెప్పవచ్చును. హార్మోను గ్రాహకములు ఉండి హెర్-2 అధికముగా లేని యువతికి మొదట అండాశయ నిరోధము, హార్మోను మాత్ర, సి.డి.కె. నిరోధక మాత్ర కలిపి ఇత్తురు. కాలేయమో, ఊపిరితిత్తులో పని మానివేయు ప్రమాదకర స్థితిలో ఉండి దినముల లెక్కన గుణము కనిపించవలసివచ్చినపుడు, లేదా హార్మోను చికిత్సలు ఒకదాని తరువాత ఒకటి విఫలమైనపుడు రసాయన చికిత్స చేయుదురు. రసాయన చికిత్సతో వ్యాధి తగ్గిన పిమ్మట దానిని ఆపి, హార్మోను చికిత్సతో ఆ లాభమును నిలుపుకొందురు. హెర్-2 అధికముగా గలవారికి, ఆ ప్రొటీనునకు విరుగుడైన మందులతో రసాయన చికిత్స ఇచ్చి, రసాయన మందులు ముగిసిన పిదప హార్మోను మాత్రను జోడింతురు. గ్రాహకములు లేనివారికి హార్మోను చికిత్స లేదు. అనగా రెండు చికిత్సల పొత్తు పూర్తిగా కాదనరానిది. కాని అది ఒకే ఎద్దులబండికి కట్టిన జోడెడ్ల పొత్తు కాదు. ఒకరు అలసినపుడు మరియొకరు భారమునెత్తుకొను బోయీల పొత్తు.

6. యువతులు తెలిసికొనవలసిన విషయములు

ఋతుస్రావము నిలిచినంతమాత్రమున ముట్లుడిగినట్లు కాదు. రసాయన చికిత్స తరువాత నెలల తరబడి నిలిచిన ఋతుస్రావము, ముఖ్యముగా నలుబదికి లోపువారిలో, తిరిగి రావచ్చును. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మొదలగు మాత్రలు ఇతర కణజాలములలో ఈస్ట్రోజెన్ తయారగుటను ఆపును గాని, పనిచేయుచున్న అండాశయమును ఆపలేవు. పైగా దానిని ప్రేరేపించవచ్చును. కనుక అండాశయ నిరోధము లేకుండ వీనిని యువతికి ఇయ్యరాదు. నెలసరి ఇంజెక్షను తేదీ తప్పకుండుట ఎంత ముఖ్యమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

అండాశయములను ఇంజెక్షనుతో నిద్రింపజేయుటయా, శస్త్రచికిత్సతో తొలగించుటయా? మొదటిది తిరిగి సరిదిద్దుకొనదగినది. కాని నెలనెలా ఖర్చు, ప్రయాణము తప్పవు. రెండవది ఒక్కసారితో ముగియును. పట్టణమునకు దూరముగానున్న బీదకుటుంబమునకు అది మేలు కావచ్చును. కాని తిరిగి రానిది. ఆ నిర్ణయము ఆ స్త్రీది. ఆమెతో చెప్పక, ఆమె భర్తతోనో, అత్తమామలతోనో మాటాడి సంతకము చేయించుట ధర్మము కాదు. సంతానము గూర్చిన ఆలోచన ఉన్నచో చికిత్స ప్రారంభమునకు పూర్వమే వైద్యునితో ప్రస్తావింపవలెను. చికిత్సాకాలమున గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను. టామోక్సిఫెన్ గర్భస్థశిశువునకు హాని చేయును. అందులకై హార్మోను గర్భనిరోధక మాత్రలు వాడరాదు.

చిన్నవయసుననే ఈస్ట్రోజెన్ తగ్గుటచే ఎముకలు పలుచబడును, ఒంటినుండి ఆవిరులు వచ్చును, నిద్ర చెడును. సి.డి.కె. మాత్రలు తెల్లకణములను తగ్గించును. కావున రక్తపరీక్షలు మానరాదు. రైబోసైక్లిబ్ మూడు వారములు వాడి ఒక వారము విరామమిత్తురు. అది హృదయ స్పందన తీరును మార్చగలదు గనుక ఇ.సి.జి. తీయుదురు. టామోక్సిఫెనుతో దానిని కలుపుట నేడు మంచిది కాదందురు. ఏ చికిత్సలోనైనను జ్వరము వచ్చినచో మరునాటివరకు ఆగక ఆసుపత్రికి పోవలెను.

రంజాను మాసమున కొందరు స్త్రీలు ఉపవాసము తప్పునను భయముతో మందు మానివేయుదురు. అనారోగ్యముతో ఉన్నవారికి ఉపవాసము నుండి సడలింపు ఇచ్చినది మన ధర్మమే. ప్రాణరక్షణ కొరకు ఆ సడలింపును స్వీకరించుట భక్తికి లోటు కాదు. రసాయన చికిత్స పొందుచున్నవారికి నీరు, ఆహారము అత్యవసరము, వారు ఉపవసింపరాదు. దినమునకొక మాత్ర మాత్రమే వాడువారు వైద్యుని అడిగి సహరీవేళకో, ఇఫ్తారువేళకో మార్చుకొనవచ్చును గాని మానివేయరాదు.

ఖర్చు మాట మరువరాదు. టామోక్సిఫెన్ చౌకయైనది. పాల్బోసైక్లిబ్ పేటెంటు మన దేశమున 2023 జనవరిలో ముగియగా, భారతీయ సంస్థలు తయారుచేయు మాత్రలు వచ్చి వెల బాగుగా తగ్గినది. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలలో పేదలకు చికిత్స లభించుచున్నది. అప్పుచేసి ఒక నెల మందు కొని మరునెల ఆపుటకంటె, నిలుకడగా సాగు చికిత్సను వైద్యునితో చర్చించి ఎన్నుకొనుట మేలు.

7. మా మనవి

ఈ వ్యాసము చదివిన విద్యార్థిని గాని, విద్యార్థి గాని తమ బంధువులలో ఎవరికైనను ఇట్టి కష్టము వచ్చిననాడు మూడు ప్రశ్నలు అడుగగలిగినచో మా శ్రమ ఫలించినట్లే. కణితి ఏ తెగకు చెందినది, గ్రాహకముల పరీక్ష చేసిరా? ఈ చికిత్స ఇప్పుడు ఇచ్చుటకు కారణమేమి, దీని తరువాత ఏది? రోగికి స్వయముగా ఇవన్నియు చెప్పిరా? ఈ మూడింటిలో మూడవదే మన ఇండ్లలో తరచుగా విడిచిపెట్టబడునది.

స్తనములో గడ్డ కనిపించినపుడు సిగ్గుచే దాచుకొని, తల్లికి సైతము చెప్పని స్త్రీలు మన సమాజమున అన్ని మతములలోను ఉన్నారు. పరదా దేహమునకే గాని వ్యాధికి కాదు. అనేకులలో వ్యాధి ముదిరిన స్థితిలోనే బయటపడుటకు కారణము మందులు లేకపోవుట కాదు, మాట లేకపోవుట. విద్యార్థినులకు సంవత్సరమునకొకమారు ఒక వైద్యురాలిచే ఉర్దూలోను, తెలుగులోను ఉపన్యాసమిప్పించవలసినదిగా కళాశాల కార్యవర్గమువారిని సవినయముగా కోరుచున్నాము. అందులకగు వ్యయము స్వల్పము.

అజ్జహ్రావీ తనకు చేతకానిదానిని చేతకాలేదని వ్రాసి తరువాతివారికి దారి చూపెను. బీట్సన్ పాడిపశువులను గమనించి దారి కనుగొనెను. సుబ్బారావు తాను ఫలము చూడని చెట్టును నాటెను. వారి కృషివలన లభించిన విద్య నేడు మన చేతిలో ఉన్నది. దానిని ఇంటింటికి చేర్చుటకు వైద్యులే కానక్కరలేదు, చదువుకొన్నవారైన చాలును.